ఈక్విల్యాబ్: పెద్ద ముక్కలు పడ్డప్పుడు దీన్ని ఎంతవరకు నమ్మొచ్చు

టెక్సాస్ హోల్డెమ్ పోకర్‌లో ఒక్కొక్కరి చేతికి రెండు ముక్కలు పంచి, అందరికీ కలిపి ఐదు ముక్కలు బోర్డు మీద తెరుస్తారు. చేతికి జత ఆసులు 221 పంపకాలకోసారి పడతాయి. జత రాజులూ అంతే, జత రాణులూ అంతే. వీటికి ఆసు-రాజుని కూడా కలిపితే మొత్తం 1,326 కాంబోల్లో (రెండేసి ముక్కల కలయికల్లో) 34 అవుతాయి, అంటే సుమారు 39 పంపకాలకోసారి. గంటకి పాతిక, ముప్పై పంపకాలు నడిచే లైవ్ టోర్నమెంటులో గంటంతా కూర్చున్నా వీటిలో ఒక్కటీ పడకపోవచ్చు. పడ్డ ఆ ఒక్కసారి స్టాకంతా (మన చిప్స్ మొత్తం) నెట్టాలా, అవతలివాడి ఆల్ ఇన్‌కి (తన చిప్స్ మొత్తం పందెం వేస్తే దానికి) కాల్ అనాలా, అంటే అంతా పెట్టి నిలవాలా, పారేయాలా అన్నది అరనిమిషంలో తేల్చాలి. టేబుల్ దగ్గర లెక్కలు కట్టే తీరిక ఉండదు, ఇంటి దగ్గరే కట్టుకుని రావాలి. ఆ పనికి ఏళ్లుగా చాలామంది వాడుతున్న ప్రోగ్రాం ఈక్విల్యాబ్. పోకర్‌స్ట్రాటజీ సైటు వాళ్లది. విండోస్ మీద నడుస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. దీనికి ముందు ఇదే పని ఆండ్రూ ప్రాక్ రాసిన పోకర్‌స్టోవ్ చేసేది. దానికి అలవాటు పడ్డవాళ్లకి ఇందులో దారి వెతుక్కోవాల్సిన అవసరం రాదు.

ఇది చేసేదేమిటో ఒక్క ముక్కలో చెప్పాలంటే: ఈ ముక్కలు, ఆ ముక్కలు రివర్ (బోర్డు మీద తెరిచే ఐదో ముక్క, ఆఖరిది) దాకా వెళ్తే పాట్‌లో (పోగైన పందేల్లో) సగటున ఎవరి వాటా ఎంతో చెబుతుంది. ఆ వాటాకే ఈక్విటీ అని పేరు. ఒక వరసలో మన ముక్కలు, ఇంకో వరసలో అవతలివాడివి పెట్టాలి. అవతలివాడి ముక్కలు మనకి కనబడవు కాబట్టి అక్కడ పెట్టేది రేంజ్, అంటే ఆ పందెం వేసినవాడి దగ్గర ఉండగల చేతులన్నిటి జాబితా. బటన్ నొక్కితే 13 అడ్డం, 13 నిలువు గడుల పట్టిక తెరుచుకుంటుంది. మూల నుంచి మూలకి ఏటవాలుగా ఉన్నవి జతలు, దానికి పైన కుడివైపు సూటెడ్ చేతులు (రెండు ముక్కలూ ఒకే గుర్తువి), కింద ఎడమవైపు ఆఫ్‌సూట్ చేతులు (వేర్వేరు గుర్తులవి). గడులు నొక్కుకుంటూ పోతే రేంజ్ తయారు.

లెక్క కట్టడానికి రెండు పద్ధతులున్నాయి. రెండు చేతులూ తెలిసినప్పుడు మిగిలిన 48 ముక్కల్లోంచి ఐదేసి తీస్తే 17,12,304 బోర్డులు వస్తాయి, వాటన్నిటినీ వరసగా చూడటం ఒకటి. యాదృచ్ఛికంగా లక్షల బోర్డులు తీసి సగటు చూపే మాంటే కార్లో రెండోది. రేంజ్ పెద్దదైతే రెండోదే వాడండి. పది లక్షల బోర్డులు తిప్పాక వచ్చే తేడా శాతంలో పదో వంతు దగ్గర ఉంటుంది, దానివల్ల మారిపోయే నిర్ణయాలు దాదాపు లేవు.

కొత్తగా తెరిచినవాళ్లు మొదట చూడాల్సింది జత ఆసుల పతనం. ఏ ముక్కలైనా ఉండగల ఒక్కడి మీద ఆసులకి 85 శాతం. ఇద్దరైతే 73, ముగ్గురైతే 64, నలుగురైతే 56. తొమ్మిది మంది టేబుల్లో అందరూ వస్తే 35. ఆసులు పట్టుకుని లింప్ చేసి (పెంచకుండా కనీస పందెమే పెట్టి) ఊరందరినీ పాట్‌లోకి పిలిచేవాళ్లకి ఈ వరస చూపిస్తే చాలు. పాట్ పెద్దదవుతుంది, నిజమే. కానీ మూడుసార్లలో రెండుసార్లు ఆ పెద్ద పాట్ ఇంకెవడి ముందుకో జరుగుతుంది, టోర్నమెంటులో ఆ స్టాకు మళ్లీ రాదు.

ఇక అసలు పని. ఈ ప్రోగ్రాం విలువ తెలిసేది ఆసు-రాజు దగ్గర. బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే చిన్న, పెద్ద పందేలు) 500-1,000, బిగ్ బ్లైండ్ ఆంటీ (పెద్ద బ్లైండ్ పెట్టేవాడే టేబుల్ తరఫున అదనంగా పెట్టేది) 1,000 అనుకుందాం. మీ దగ్గర 30,000 ఉన్నాయి. ఆఫ్‌సూట్ ఆసు-రాజుతో 2,200కి తెరిచారు, అంటే పందెం మొదట పెంచింది మీరే. బటన్ (డీలర్ స్థానం) మీదున్న అతను 16,000తో ఆల్ ఇన్ అన్నాడు, బ్లైండ్స్ ఇద్దరూ పారేశారు. పాట్‌లో మీ 2,200, అతని 16,000, బ్లైండ్స్ 1,500, ఆంటీ 1,000 కలిపి 20,700. మీరు ఇంకా పెట్టాల్సింది 13,800. దాన్ని కలిపితే మొత్తం పాట్ 34,500. 13,800ని 34,500తో భాగిస్తే సరిగ్గా 40 శాతం. ఈక్విటీ 40 దాటితే చిప్స్ లెక్కలో కాల్ లాభం, తగ్గితే నష్టం. ఆంటీని మర్చిపోయి లెక్క కడితే 41 శాతం పైన వస్తుంది. అంచు మీదున్న చేతుల్ని జనం తప్పుగా పారేసేది తరచు ఆ వెయ్యి చిప్స్ మరుపు వల్లే.

ఇప్పుడు అవతలి వరసలో రెండు రేంజ్‌లు మార్చి మార్చి పెట్టండి. మొదటిది బిగించినది: జత రాణులు, రాజులు, ఆసులు, ఆసు-రాజు. దీని మీద మీ ఆసు-రాజుకి 39 శాతం. రెండోది కొంచెం వదులు: జత పదులు, అంతకు పైన జతలు, ఆసు-రాజు, ఆసు-రాణి. దీని మీద 49 శాతం. మొదటిదానికి ఒక్క శాతం చాల్లేదు, రెండోదానికి తొమ్మిది మిగిలింది. రేంజ్ కాస్త సడలిస్తే సమాధానం అటు నుంచి ఇటు తిరిగింది. అదే చోట మీ చేతిలో జత రాణులుంటే 40, 55. జత జాకీలైతే 36, 47. అంటే జాకీలకి మొదటి రేంజ్ మనిషి మీద ఫోల్డ్ (పారేయడం), రెండో రేంజ్ మనిషి మీద కాల్. ‘జాకీలు ఎలా ఆడాలి’ అన్న ప్రశ్నకి ఒక్క జవాబు చెప్పేవాడి మాట వినకండి, ఎవరి మీద, ఎన్ని బ్లైండ్లతో (స్టాకు బిగ్ బ్లైండ్‌కి ఎన్ని రెట్లు) అని అడగకుండా జవాబు లేదు.

పై ఉదాహరణలో అతని దగ్గరున్నది 16 బ్లైండ్లే. అంత తక్కువ స్టాకుతో బటన్ మీద కూర్చున్నవాడు రాణుల కోసం ఎదురుచూస్తూ కూర్చోడు. ఏ మాత్రం ఆట తెలిసినవాడైనా రెండో రేంజ్ కంటే ఇంకా వదులుగానే నెడతాడు. కాబట్టి అక్కడ ఆసు-రాజు పారేయడం భయంతో చేసే పని. నిన్న ఎవడో ఆసులు చూపించాడని ఈరోజు అందరికీ ఆసులు అంటగట్టడం ఈ ప్రోగ్రాం వాడేవాళ్లలో కనిపించే పెద్ద జబ్బు. రేంజ్ పెట్టేది మనమే కాబట్టి, మనకి కావాల్సిన జవాబు వచ్చేదాకా గడులు తీసేసుకుంటూ పోవచ్చు. అందుకని ఎప్పుడూ రెండు రేంజ్‌లు పెట్టి చూడండి: మీకు తోచినది ఒకటి, దానికి ఒక మెట్టు బిగించినది ఒకటి. రెండింటిలోనూ ఒకే జవాబు వస్తే కళ్లు మూసుకుని ఆడొచ్చు.

అవతలివాడి కాంబోలు మన చేతిలోని ముక్కల వల్ల తగ్గిపోతాయన్నది చెబితే ఎక్కదు కానీ ఇక్కడ కళ్లకి కడుతుంది. బిగించిన ఆ మొదటి రేంజ్‌లో మామూలుగా 34 కాంబోలు: ఆసులు 6, రాజులు 6, రాణులు 6, ఆసు-రాజు 16. మీ చేతిలో ఒక ఆసు, ఒక రాజు ఉంటే అతని దగ్గర ఆసులు ఉండగల మార్గాలు 3కి, రాజులు 3కి, ఆసు-రాజు 9కి పడిపోతాయి. మొత్తం 21. అందులో మనల్ని చిత్తు చేసే ఆసులవి మూడే, ఏడింట ఒక వంతు. మనకి భయం పుట్టించే చేతిని మన చేతే సగం చేస్తుంది. జాకీలకి ఆ సౌకర్యం లేదు. ఆసులు, రాజులు, రాణులు పూర్తిగా 18 కాంబోలూ అలాగే ఉంటాయి. బొమ్మలో చూడ్డానికి జాకీలు ముద్దుగా ఉన్నా బిగించిన రేంజ్ మీద ఆసు-రాజు కంటే వెనకబడటానికి కారణం అదే.

జత రాజుల దగ్గర ఇంకో మంచి పాఠం ఉంది. రాజులు పట్టుకుంటే ఫ్లాప్ (మొదట తెరిచే మూడు ముక్కలు) మీద కనీసం ఒక ఆసు పడే అవకాశం 22.6 శాతం, ఐదు ముక్కలూ పడేసరికి 35 శాతం. ఆసు పడగానే మొహం మాడ్చుకుని పారేసేవాళ్లు కొందరు, ఏమీ పట్టనట్టు మూడు వీధులూ (ఫ్లాప్, నాలుగో ముక్కైన టర్న్, రివర్) పందేలు బాదేవాళ్లు కొందరు. బోర్డు పెట్టెలో ఇస్పేటు ఆసు, డైమను ఎనిమిది, కళావరు మూడు వేయండి. బిగ్ బ్లైండ్‌లోంచి కాల్ చేసినవాడికి ఈ రేంజ్ ఇవ్వండి: రెండు నుంచి తొమ్మిది దాకా జతలు, రెండు నుంచి జాకీ దాకా సూటెడ్ ఆసులు, ఆఫ్‌సూట్‌లో ఆసు-జాకీ, ఆసు-పది, రాజుతో రాణి, జాకీ, పది సూటెడ్, రాణి-జాకీ, రాణి-పది సూటెడ్, జాకీ-పది నుంచి ఐదు-నాలుగు దాకా సూటెడ్ వరస ముక్కలు. పెద్ద జతలు, ఆసు-రాణి, ఆసు-రాజు ముందే రీరైజ్ చేసేవాడు (మన పందేన్ని ఇంకా పెంచేవాడు) కాబట్టి తీసేశాం. లెక్కిస్తే 128 కాంబోలు. వాటిలో ఆసు ఉన్నవి 46. మూడుల, ఎనిమిదుల సెట్లు (చేతిలో జతకి బోర్డు మీద మూడోది కలిసినవి) మరో 6. మిగిలిన 76 చేతుల మీద, అంటే పదింట ఆరు మీద, రాజులే ముందున్నాయి.

కాబట్టి పారేయకూడదు. కానీ ఎవడు పెద్ద పందేలకి కాల్ అంటాడో చూడండి: 128లో పెద్ద పందెం మోయగలవి ఎక్కువగా ఆ 52 చేతులే. పాట్‌లో మూడో వంతు ఒకసారి పందెం వేస్తే అయిదుల, ఆరుల జతలు, ఎనిమిది తగిలినవాళ్లు ఇంకా మోస్తారు. టర్న్ మీద ఆగి చెక్ అనండి (పందెం వేయకండి), రివర్ మీద చిన్న పందెం వస్తే కాల్ అనండి. మూడు వీధులూ బాదితే మనకంటే తక్కువవన్నీ వెళ్లిపోయి ఎక్కువవి మాత్రమే మిగులుతాయి. కాంబోల లెక్కని ఈక్విల్యాబ్ ఇస్తుంది. ఎంత పందేనికి ఏవి వెళ్లిపోతాయన్నది మాత్రం మనమే గడుల్లోంచి తీసేసి మళ్లీ లెక్క వేయించాలి. విసుగు పుట్టే పనే, అయినా మూడు నాలుగు బోర్డుల మీద చేస్తే చాలు, చేతికి పట్టుబడుతుంది.

స్టాకులు లోతుగా ఉన్నప్పుడు రాజుల సంగతి వేరు. పోకర్ వరల్డ్ సిరీస్ మెయిన్ ఈవెంటులో 60,000 చిప్స్‌తో మొదలుపెడతారు, 100-200 బ్లైండ్ల దగ్గర అది 300 బ్లైండ్లు. మన దగ్గర రాజులుండగా మిగతా ఎనిమిది మందిలో ఒకరి దగ్గర ఆసులుండే అవకాశం 4 శాతం లోపే. కానీ 300 బ్లైండ్లూ ఫ్లాప్‌కి ముందే లోపలికి పోయేసరికి అవతలి రేంజ్ ఆసులు, రాజులు మాత్రమే అయిపోయిందనుకోండి: ఆసులవి 6, రాజులది 1. రాజులకి ఈక్విటీ 23 శాతం దగ్గర ఆగుతుంది. అదే 25 బ్లైండ్ల స్టాకులో ఎవడూ అంత బిగించడు, అక్కడ రాజులు పారేయడమన్న ప్రశ్నే రాదు. అన్ని పందేలకీ ఒకే రేంజ్ పెట్టేసే బద్ధకం ఇక్కడ దెబ్బ తీస్తుంది.

ఇక ఈ ప్రోగ్రాం చేతులెత్తేసే చోటు. దీనికి చిప్స్ తెలుసు, బహుమతులు తెలియవు. నలుగురు మిగిలారు, ముగ్గురికే డబ్బు: మొదటివాడికి 50 శాతం, రెండోవాడికి 30, మూడోవాడికి 20. నలుగురి దగ్గరా తలా 5,000 చిప్స్. మొత్తం బహుమతి లక్ష రూపాయలైతే ఒక్కొక్కరి స్టాకు విలువ 25,000. ఇద్దరు ఆల్ ఇన్ అయ్యాక గెలిచినవాడి చిప్స్ రెండింతలవుతాయి, స్టాకు విలువ మాత్రం 38,333కే పెరుగుతుంది. ఓడినవాడికి సున్నా. 25,000ని 38,333తో భాగిస్తే 65 శాతం. బ్లైండ్స్ సంగతి పక్కన పెడితే, చిప్స్ లెక్కలో 50 చాలిన చోట డబ్బు లెక్కలో 65 కావాలి.

అదే బిగించిన రేంజ్ మీద రాజులకి ఈక్విల్యాబ్ చూపే అంకె 57. అంటే పారేయాలి! ఆసులకి 84, కాల్. ఎదుటివాడు ప్రతి ఐదు చేతుల్లో ఒకదాన్ని నెట్టే రకమైతే రాజులు 65ని సునాయాసంగా దాటుతాయి. ఈక్విల్యాబ్ ఇచ్చే 57 తప్పు కాదు, దాన్ని 50తో పోల్చడమే తప్పు. పది టికెట్లకి పదకొండు మంది మిగిలిన శాటిలైట్‌లో (పెద్ద టోర్నమెంటు టికెట్లే బహుమతిగా ఇచ్చే ఆటలో), పెద్ద స్టాకుతో కూర్చున్నవాడికి ఆసులు పడ్డా పారేయడం సరైన ఆట అవుతుంది. అక్కడ ఈ ప్రోగ్రాం పచ్చజెండా ఊపుతూనే ఉంటుంది. డబ్బు లెక్క కూడా కట్టేవి ఐసీఎంఐజర్, హోల్డెమ్ రిసోర్సెస్ క్యాలిక్యులేటర్ లాంటివి. వాటిని పూర్తిగా వాడాలంటే డబ్బు కట్టాలి. నెలకో రెండు నెలలకో ఒక టోర్నమెంటు ఆడేవాళ్లకి అంత ఖర్చు దండగ. పైన కట్టినట్టు నలుగురి లెక్క కాగితం మీద రెండుసార్లు కడితే బబుల్ దగ్గర (ఇంకొకరు పోతే మిగతావాళ్లకి బహుమతి ఖాయమయ్యే చోట) ఎంత బిగించాలో అందాజా వస్తుంది.

రెండో లోటు, ఇది పందేలు ఆడదు. ఆసులతో నాటకమాడాలా, తెరవాలా అన్నదానికి ఇందులో బటన్ లేదు. కాగితం తీసుకోండి. పై బ్లైండ్సే, మీ దగ్గర 25,000, బిగ్ బ్లైండ్ దగ్గర అంతకంటే ఎక్కువే. 2,200కి తెరిస్తే అతను కాల్ అన్నాక పాట్ 5,900, మీ దగ్గర 22,800. ఫ్లాప్, టర్న్, రివర్ మూడింటా పాట్‌లో 53 శాతం చొప్పున పందెం వేస్తే రివర్ మీద స్టాకంతా లోపలికి పోతుంది. లింప్ చేసి అతను చెక్ అంటే పాట్ 3,500, మీ దగ్గర 24,000. ఇప్పుడు స్టాకంతా పోవాలంటే మూడు వీధులూ 72, 73 శాతం పందేలు కావాలి. మధ్యరకం జత పట్టుకున్నవాడు సగం పాట్ పందెం మూడుసార్లు మోస్తాడేమో కానీ ముప్పావు మూడుసార్లు మోయడు. పైగా లింప్ చేస్తే అతని దగ్గర ఏడు-రెండు కూడా ఉండొచ్చు. వాడికి రెండు జతలు తగిలాయని రివర్ మీద గాని తెలియదు.

చిన్న చిన్న చికాకులూ ఉన్నాయి. రేంజ్ పెట్టడానికి ఇచ్చిన శాతం స్లైడర్ చాలా సుఖంగా ఉంటుంది, అందుకే ప్రమాదం. 10 శాతం అని జరిపితే అది తన వరసలో పై పది శాతం చేతుల్ని నింపుతుంది. ఆ వరసలో పెద్ద ముక్కలకి పెద్దపీట, చిన్న సూటెడ్ వరస ముక్కలకి చివరి బంతి. నిజం మనుషులు అలా ఆడరు. ఏడు-ఆరు సూటెడ్‌తో నెట్టి ఆసు-ఎనిమిది ఆఫ్‌సూట్ పారేసేవాళ్లు కోకొల్లలు. స్లైడర్‌తో మొదలుపెట్టి, తర్వాత గడులు చేత్తో దిద్దండి. దిద్దిన రేంజ్‌కి పేరు పెట్టి దాచుకుంటే ప్రతిసారీ మొదటికి రానక్కర్లేదు. ఇంకోటి, ఆసు-రాజు మీద వచ్చే అంకె ఐదు ముక్కలూ చూసే హక్కు ఉన్నప్పటిది. ఆల్ ఇన్ కాకుండా కాల్ చేసి ఫ్లాప్ చూస్తే ఆసు-రాజుకి జత గాని అంతకంటే మంచిది గాని తగిలేది 32 శాతమే, మిగతా మూడింట రెండుసార్లు ఎవడో పందెం వేస్తే పారేయాల్సి వస్తుంది. కాబట్టి 49 అని చూసి ఫ్లాట్ కాల్‌కి అదే లెక్క వాడకూడదు.

ఇందులోనే ఉన్న ఈక్విటీ ట్రైనర్‌ని ఎందుకో ఎవరూ పట్టించుకోరు. అది చేతులు చూపించి వాటా ఎంతో ఊహించమంటుంది. రోజూ ఓ పది నిమిషాలు చేస్తే వారం తిరిగేసరికి రాణులకి ఆసు-రాజు మీద 57, రాజులకి ఆసు-రాజు మీద 70, పెద్ద జతకి చిన్న జత మీద 80 పైన, ఇవన్నీ ఎక్కాల్లా నోటికొస్తాయి.

మనవాళ్లకి చెప్పాల్సిన మాట ఒకటుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా దేశమంతటికీ చట్టం చేసింది. ఈక్విల్యాబ్‌లో పందెం లేదు, డబ్బు లేదు, లెక్కల పుస్తకంతో సమానం, దీన్ని వాడటానికి అడ్డేమీ లేదు. ఎక్కువగా పనికొచ్చేది గోవా కాసినోల్లో కూర్చునేవాళ్లకి, అమెరికాలో టోర్నమెంట్లు ఆడే తెలుగువాళ్లకి. అక్కడ కూడా టేబుల్ దగ్గర్నుంచి లేచాకే తెరవాలి. హ్యాండ్ నడుస్తుండగా ఫోన్ గాని ల్యాప్‌టాప్ గాని చూసి ఆడితే డీలర్ ఫ్లోర్ మేనేజర్‌ని పిలుస్తాడు, చేతిలో ఆసులున్నా ఆ హ్యాండ్ చెల్లకుండా పోవచ్చు.